మొదటి 90 రోజులు: కొత్తగా చేరినవాళ్లు ఫ్యాక్టరీలో ఎందుకు నిలవరు

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో ఎంబీఏ విద్యార్థులూ ఉన్నారు, ఫ్యాక్టరీల్లో హెచ్ఆర్ చూసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా ఒక్క విషయమే ఎంచుకున్నాను. కొత్తగా చేరిన కార్మికుడు మూడు నెలలు తిరక్కుండానే మానేయడం. పుస్తకంలో నియామకం ఒక అధ్యాయం, శిక్షణ ఒక అధ్యాయం, జీతభత్యాలు ఇంకో అధ్యాయం. ఫ్యాక్టరీలో వాటన్నిటికీ కలిపి ఒకటే పరీక్ష: జనవరిలో చేరిన మనిషి ఏప్రిల్‌లో ఉన్నాడా, లేడా?

మన సబ్జెక్టులో అచ్చయ్యే పరిశోధనలో ఎక్కువ భాగం పెద్ద కంపెనీల గురించి, అందులోనూ ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగుల గురించి ఉంటుంది. మన దేశంలో నెలజీతం మీద బతికేవాళ్లు నూటికి పాతిక మంది లోపే. సంఘటిత ఫ్యాక్టరీ కార్మికుల్లో దాదాపు 40 శాతం కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లు. అలాంటి చోట ఇంగ్లీషులో ఎంగేజ్‌మెంట్ సర్వే పెట్టి, బెల్ కర్వ్ గీసి (ఎక్కువ మార్కులు ఇంతమందికే అని ముందే కోటా పెట్టి) మార్కులు వేస్తే ఏం తెలుస్తుంది? అయితే గత ఇరవై ఏళ్లలో ఇథియోపియా, బంగ్లాదేశ్, ఒడిశా, బెంగళూరు, రాజస్థాన్, మన ఆంధ్రప్రదేశ్‌లలో ఫ్యాక్టరీ గేటు లోపలికి, బడి లోపలికి వెళ్లి లాటరీ తీసి చేసిన పరిశోధనలు చాలా వచ్చాయి. ఈ రోజు నేను ఆధారపడేది ఎక్కువగా వాటి మీదే.

ఇథియోపియాతో మొదలుపెడతాను. క్రిస్టఫర్ బ్లాట్‌మన్, స్టీఫన్ డెర్కన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడ ఐదు కంపెనీలతో కలిసి పనిచేశారు. ఉద్యోగానికి వచ్చిన దాదాపు 950 మందిని లాటరీ తీసి మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు ఫ్యాక్టరీ ఉద్యోగం ఇచ్చారు. రెండో జట్టుకు సొంతంగా ఏదైనా పెట్టుకోమని 300 డాలర్లు, కొంత శిక్షణ ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఉద్యోగంలో చేరినవాళ్లలో మూడో వంతు మొదటి నెలలోనే మానేశారు. ఏడాది తిరిగేసరికి నూటికి 77 మంది ఆ కంపెనీల్లో లేరు. కారణం వెతికితే, ఆ జీతం బయట కూలికో చిల్లర వ్యాపారానికో వచ్చేదానికంటే ఎక్కువేమీ కాదు. పని గంటలు ఎక్కువ. ఆరోగ్యం దెబ్బతిన్నవాళ్లూ పెరిగారు. వేరే దారి దొరికేదాకా తల దాచుకునే చోటుగా వాళ్లు ఫ్యాక్టరీని వాడుకున్నారు. వాళ్ల వైపు నుంచి చూస్తే అది తెలివైన లెక్కే.

మన దగ్గర యాజమాన్యాలు ఈ మాటే ఇంకోలా అంటాయి. "వీళ్లకు ఫ్యాక్టరీ పని అలవాటు లేదు సార్, ఊరి మీద ధ్యాస." ఈ మాటకు వందేళ్ల వయసుంది. బొంబాయి నూలు మిల్లుల యజమానులు 1920ల్లో సరిగ్గా ఇదే చెప్పేవారు. 1929లో విట్లీ అధ్యక్షతన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ వచ్చి విచారిస్తే బయటపడిన విషయం వేరు. మిల్లులో మనుషుల్ని పెట్టేదీ, తీసేదీ జాబర్, అంటే మన మేస్త్రీ. చేరేటప్పుడు కార్మికుడు అతనికి మామూలు ఇచ్చుకోవాలి. ఒకరు పోయి ఇంకొకరు వస్తే అతనికి మళ్లీ మామూలు. జనం నిలవకపోతేనే లాభపడే మనిషి చేతికి నియామకం అప్పగించి, జనం నిలవడం లేదని బాధపడ్డారు. నియామకాలు జాబర్ చేతుల్లోంచి తీసి లేబర్ ఆఫీసర్‌కి ఇవ్వాలని 1931 నివేదికలో కమిషన్ సిఫారసు చేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది, అంతకు మించి ఉంటే వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలని పెట్టింది కూడా ఆ వరసలోనే. ఈ హాల్లో హెచ్ఆర్ చేస్తున్నవాళ్ల ఉద్యోగం ఈ దేశంలో పుట్టింది ఆ సమస్య కోసమే. అమెరికాలోనూ ఇదే గొడవ. 1913లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో ఏడాదికి 370 శాతం మంది మారారు. అంటే ఒక్కో స్థానానికి మూడున్నర మందికి పైగా. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్ల వేతనం ప్రకటించాక ఆ సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. డెట్రాయిట్ జనానికి రాత్రికి రాత్రి పని అలవాటైపోలేదు కదా.

కాబట్టి జనాన్ని నిందించే ముందు మీ రిజిస్టర్లు తెరవండి.

ఎలా తెరవాలో చెబుతాను. ఉదాహరణకు 400 మంది ఉన్న యూనిట్ అనుకోండి. ఏడాదిలో 120 మంది మానేశారు. నివేదికలో 30 శాతం అని రాస్తారు. యాజమాన్యం వెంటనే దీర్ఘకాల సేవా బహుమతి, వార్షిక ఇంక్రిమెంట్ అని ఆలోచిస్తుంది. కానీ ఆ 120 మందిలో 90 మంది చేరి మూడు నెలలు నిండనివాళ్లే అయితే? పాత కార్మికులు చక్కగా నిలబడి ఉన్నారు, కొత్తవాళ్ల దగ్గరే చిల్లు ఉంది. ఆ బహుమతులేవీ ఈ 90 మందికి తగలవు. 30 శాతం అన్న ఒక్క అంకె ఈ తేడాను దాచేస్తుంది.

అందుకని నెలవారీ జట్టు పట్టిక వేయండి. ఒక్కో వరుస ఒక్కో నెలలో చేరినవాళ్లది. నిలువు గడులు ఐదు: 7వ రోజుకు ఎంతమంది మిగిలారు, 30కి, 60కి, 90కి, 180కి ఎంతమంది. కావలసిన సమాచారం చేరిన తేదీ, మస్టర్ (హాజరు పట్టీ)లో చివరగా హాజరైన తేదీ. అంతే. పేరు కొట్టేసిన తేదీ తీసుకోవద్దు. చాలాచోట్ల పది రోజులు రాకపోయాక పేరు కొట్టేస్తారు, ఆ తేదీ వాడితే జనం ఎప్పుడు వెళ్లిపోయారో తప్పుగా కనిపిస్తుంది. కాంట్రాక్టర్ మనుషుల్నీ ఇందులో కలపండి. వాళ్లు మా రోల్స్‌లో లేరు అని వదిలేస్తే సగం బొమ్మ పోయినట్టే.

ఈ పట్టిక మాట్లాడుతుంది. మొదటి వారంలోనే జారిపోతుంటే చేర్చేటప్పుడు చెప్పినదానికీ లోపల చూసినదానికీ పొంతన లేదని అర్థం. కూర్చుని చేసే పని అని చెప్పి పది గంటలు నిలబెట్టడం, ఒక గదికి నలుగురు అని చెప్పి పది మందిని పెట్టడం, నైట్ షిఫ్ట్ సంగతి దాచడం, ఇవి. 45 నుంచి 75 రోజుల మధ్య జారితే ట్రైనింగ్ లైన్ నుంచి అసలు లైన్‌కి మారాక టార్గెట్ దగ్గరో, సూపర్‌వైజర్ దగ్గరో తేడా వస్తోంది. సంక్రాంతికో, ఒడిశా వాళ్ల రజ పండక్కో, బిహార్ వాళ్ల ఛఠ్‌కో గుంపుగా పోతే అది మానేయడం కాదు, సెలవు. మీరు ఇవ్వలేదు కాబట్టి వాళ్లే తీసుకున్నారు. వలస వచ్చిన మనిషికి రానూపోనూ ప్రయాణమే నాలుగు రోజులు, మూడు రోజుల సెలవు ఏ మూలకు? వరుసగా పన్నెండు, పదిహేను రోజుల సెలవు ముందే రాసిచ్చి, తిరిగొచ్చే తేదీ వేసి, వచ్చాక తిరుగు టికెట్ డబ్బు ఇస్తే ఈ గుంతలో చాలా భాగం పూడుతుంది.

ఇక జీతం రోజు దాటిన మర్నాడే జారుడు కనిపిస్తుంటే ఏం చేయాలి? దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది అన్నిటికంటే తేలిగ్గా సరిదిద్దగలిగింది, అందరూ వదిలేసేది.

ఒక పే స్లిప్ తీసుకుందాం. అంకెలు ఉదాహరణకే. చేరేటప్పుడు "నెలకు 13,500" అని చెప్పారు. మనిషి 18వ తేదీన చేరాడు. నెలాఖరుకు పని దినాలు 11. ఫ్యాక్టరీ లెక్క నెలకు 26 రోజులు, కాబట్టి 13,500ని 26తో భాగించి 11తో గుణిస్తే 5,711. అందులో పీఎఫ్ 12 శాతం, 685. ఈఎస్ఐ ముప్పావు శాతం, 43. క్యాంటీన్, బస్సు కలిపి రోజుకు 40 చొప్పున 440. యూనిఫాం, బూట్లకు 600. చేతికి వచ్చింది 3,943. ఇంట్లో తల్లి ఎదురుచూసింది 13,500 కోసం, ఈ అబ్బాయి పంపగలిగింది మూడు వేలు. పైగా స్లిప్ ఇంగ్లీషులో ఉంది. అతని మనసులో ఒకటే మాట మిగులుతుంది: మోసం చేశారు. నిజానికి ఎవరూ మోసం చేయలేదు. వివరంగా చెప్పలేదు, అంతే. కానీ ఫలితం ఒకటే.

దీనికి మందు ఒక కాగితం. చేరిన రోజునే, అతని భాషలో, నాలుగు ముక్కలు రాసివ్వాలి: మొదటి జీతం ఏ తేదీన, ఎన్ని రోజులకు, ఏమేం కోసి, చేతికి సుమారు ఎంత. తర్వాత పూర్తి నెలకు చేతికి ఎంత. కొత్త లేబర్ కోడ్‌ల (కార్మిక చట్టాల) ప్రకారం నియామక పత్రం అందరికీ ఇవ్వాల్సిందే, దానికే ఈ కాగితం జతచేయండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించండి. యూనిఫాం డబ్బు కోయొద్దు. కంపెనీ ఒంటిమీద వేసిన బట్టకు కార్మికుడి మొదటి జీతంలోంచి డబ్బు తీసుకోవడం తగని పని. మొదటి రెండు నెలలు 15 రోజులకోసారి కొంత చెల్లించండి.

ఈ చివరి మాట వెనక మంచి పరిశోధన ఉంది. సుప్రీత్ కౌర్, సెంథిల్ ములైనాథన్ తదితరులు ఒడిశాలో విస్తరాకులు కుట్టే కూలీలతో చేశారు. పని ముక్కల లెక్కన. మొత్తం కూలిలో మార్పు లేదు, కొందరికి మాత్రం అందులో కొంత భాగం ముందే చేతికిచ్చారు. డబ్బు అందిన తర్వాతి రోజుల్లో వాళ్లు కుట్టిన ఆకులు 7 శాతం దాకా పెరిగాయి. బాగా పేదవాళ్లలో పెరుగుదల ఇంకా ఎక్కువ. తప్పులు, అంటే కుట్టి మళ్లీ విప్పాల్సి రావడం లాంటివి, తగ్గాయి. అప్పు గురించి ఆలోచిస్తున్న బుర్ర చేతిలో పని మీద నిలవదు. అప్పు కొంచెం తీరగానే చెయ్యి కుదురుకుంటుంది. కంపెనీకి ఇందులో అదనపు ఖర్చు ఒక్క రూపాయి లేదు, బ్యాంకు ఫైలు నెలకు రెండుసార్లు పంపడం తప్ప.

పీఎఫ్ గురించి ఒక మాట. కొత్తవాళ్లలో చాలామంది దాన్ని కోతగానే చూస్తారు, ఎందుకంటే ముందు కంపెనీలో కోసింది వాళ్లకు తిరిగి రాలేదు. రాకపోవడానికి మామూలుగా కారణాలు రెండు. యూఏఎన్ (ఉద్యోగి పీఎఫ్ నంబరు)లో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలవకపోవడం ఒకటి. మానేసిన తేదీని కంపెనీ పోర్టల్‌లో ఎక్కించకపోవడం రెండోది. చేరిన రోజే ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసి సరిచేయండి. పాత యూఏఎన్ ఉంటే కొత్తది సృష్టించకుండా దాన్నే కొనసాగించండి. ఎవరికైనా పాత కంపెనీ పీఎఫ్ మీ హెచ్ఆర్ గుమస్తా తిప్పించి ఇప్పించాడంటే ఆ వార్త హాస్టల్ మొత్తం పాకుతుంది. ఏ నోటీసు బోర్డూ అంత పని చేయదు.

మానేసినవాళ్ల లెక్క తేల్చడం కూడా ఇందులో భాగమే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో రావాల్సిన వేతనమంతా చెల్లించాలి. నెలల తరబడి తిప్పే కంపెనీ పేరు ఊళ్లోకి వెళ్తుంది, ఆ ఊరి నుంచి తర్వాత ఎవరూ రారు.

ఎందుకు మానేశారో ఎలా తెలుసుకోవాలి? గేటు దగ్గర చేసే ఎగ్జిట్ ఇంటర్వ్యూ నమ్మకండి. "ఊళ్లో పని ఉంది", "ఇంట్లో పెళ్లి" అంటారు. రావాల్సిన డబ్బు ఇంకా మీ చేతిలో ఉంది, రేపు మళ్లీ చేరాల్సి రావచ్చు, నిజం ఎందుకు చెబుతారు? మూడు నాలుగు వారాలు ఆగండి, లెక్క పూర్తిగా చెల్లించాక ఫోన్ చేయండి. చేసేది లైన్‌కి సంబంధం లేని మనిషై ఉండాలి, వాళ్ల భాష మాట్లాడాలి. ఇప్పుడు ఎక్కడ పని, చేతికి ఎంత వస్తోంది, మా దగ్గర ఏ రోజున మానేద్దామనిపించింది, ఆ రోజు ఏం జరిగింది. ఈ నాలుగు ప్రశ్నలు చాలు. "ఎందుకు" అని అడిగితే మర్యాదకు ఒక కారణం చెబుతారు, "ఆ రోజు ఏం జరిగింది" అంటే జరిగింది చెబుతారు.

యాజమాన్యాన్ని ఒప్పించాలంటే ఖర్చు చూపించాలి, కాబట్టి ఆ లెక్కా చెబుతాను. కుట్టుమిషన్ ఆపరేటర్ మీద కంపెనీకి నెలకు 15,000 ఖర్చు అనుకుందాం. లైన్ సామర్థ్యం 65 శాతం. కొత్త మనిషి మొదటి నెల 30, రెండో నెల 50 శాతం ఇస్తాడు. మొదటి నెల తగ్గుదల 65లో 35, అంటే సుమారు 8,080 రూపాయలు. రెండో నెల 65లో 15, సుమారు 3,460. కలిపి 11,500 పైన. దీనికి ఏజెంట్ కమిషన్, వైద్య పరీక్ష, ఛార్జీలు కలపండి. మూడో నెలలో మానేస్తే ఇదంతా పోయినట్టే. మీ అంకెలు వేసి, ఇందాకటి ఉదాహరణలో మూడు నెలల్లోపు పోయిన 90 మందితో గుణించి చూపించండి. పది లక్షలు దాటిన అంకె కాగితం మీద కనిపిస్తే మీటింగులో మాట మారుతుంది.

ఏజెంట్ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, బొంబాయి జాబర్ ఇంకా మన గేటు దగ్గరే ఉన్నాడు. తలకు ఇంత అని చేరిన రోజే చెల్లించే కమిషన్ అదే తప్పును మళ్లీ చేయడం. చేరినప్పుడు 30 శాతం, 90వ రోజు హాజరు చూశాక 70 శాతం అని ఒప్పందం మార్చండి. కార్మికుడి దగ్గర డబ్బు తీసుకున్నట్టు తేలితే ఒప్పందం రద్దు అని రాయండి. మీ కార్మికులు తెచ్చేవాళ్లను వేరుగా చూడండి. బంగ్లాదేశ్ గార్మెంట్ ఫ్యాక్టరీల మీద రేచల్ హీత్ చేసిన పరిశోధనలో తేలిందేమిటంటే, తను తెచ్చిన మనిషి సరిగా పనిచేయకపోతే తెచ్చినవాడి జీతం మీదా ఆ ప్రభావం పడుతుంది కాబట్టి అతనే దగ్గరుండి చూసుకుంటాడు. ఆ బాధ్యతే ఇక్కడ పనికొస్తుంది. ఒక ఇబ్బంది కూడా ఉంది: ఒకే ఊరి వాళ్లు, ఒకే కులం వాళ్లు ఒక లైన్‌లో పోగవుతారు, ఒకరు అలిగితే పది మంది వెళ్లిపోతారు. తెచ్చిన మనిషినీ వచ్చిన మనిషినీ వేర్వేరు లైన్లలో వేస్తే కొంత నయం.

సూపర్‌వైజర్ల దగ్గరికి వద్దాం. మన ఫ్యాక్టరీల్లో బాగా కుట్టే మనిషిని సూపర్‌వైజర్ చేస్తారు. నలభై మందిని నడిపించడం గురించి ఒక్క గంట కూడా చెప్పరు. పైనుంచి గంటగంటకూ టార్గెట్ అడుగుతారు, అతను అరుస్తాడు. జట్టు పట్టికను సూపర్‌వైజర్ వారీగా విడదీసి చూడండి. జీతం ఒకటే, హాస్టల్ ఒకటే, పని ఒకటే, అయినా ఒకరి లైన్‌లో కొత్తవాళ్లు నిలుస్తారు, ఒకరి లైన్‌లో నిలవరు. ఆ తేడా మీకు చాలా చెబుతుంది. కానీ ఒక్క నెల అంకె చూసి ఎవర్నీ నిలదీయకండి. ఆరుగురు చేరితే ఇద్దరు పోవడం ఎక్కడైనా జరుగుతుంది, కనీసం ఆరు నెలలది కలిపి చూడాలి.

ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్లంతా మగవాళ్లే ఎందుకున్నారని అడిగితే "ఆడవాళ్లు లైన్ నడపలేరు" అంటారు. బంగ్లాదేశ్‌లో మకియవెల్లో, మెంజెల్, రబ్బానీ, వుడ్రఫ్ కలిసి ఆపరేటర్లుగా ఉన్న ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకే శిక్షణ ఇచ్చి లైన్ల మీద పెట్టి చూశారు. మొదట్లో ఆడ సూపర్‌వైజర్లకు మార్కులు తక్కువ పడ్డాయి, కింద పనిచేసేవాళ్లే వాళ్లను తక్కువ అంచనా వేశారు. నాలుగు నుంచి ఆరు నెలలకు ఆ తేడా పోయింది. మన కంపెనీల్లో చాలాచోట్ల ప్రొబేషన్ మూడు నెలలు. సరిగ్గా కుదురుకునే ముందే "చెప్పాం కదా, కుదరలేదు" అని వెనక్కి పంపేస్తారు. ఆడవాళ్లను పెడితే ఆరు నెలలు పెట్టండి, పై మేనేజరు అందరి ముందూ వాళ్ల వెనక నిలబడాలి.

బెంగళూరు చుట్టుపక్కల గార్మెంట్ ఫ్యాక్టరీల్లో అచ్యుత అధ్వర్యు, అనంత్ నైషధం, వాళ్ల సహచరులు చేసిన రెండు పనులు ఇక్కడ చెప్పుకోవాలి. మొదటిది, మహిళా కార్మికులకు మాట్లాడటం, సమయం సర్దుకోవడం, సమస్య పరిష్కరించుకోవడం లాంటి వాటిలో దాదాపు 80 గంటల శిక్షణ. శిక్షణ పొందినవాళ్ల ఉత్పాదకత పది శాతానికి పైగా పెరిగింది. కంపెనీ పెట్టిన ఖర్చుకు రెట్టింపు కంటే ఎక్కువ నికర లాభం శిక్షణ ముగిసిన ఎనిమిది నెలలకే వచ్చింది. నేర్పిస్తే వెళ్లిపోతారన్న భయం నిజం కాలేదు. కానీ వాళ్ల జీతం పెరిగింది అర శాతం. ఇది నాకు అన్యాయం అనిపిస్తుంది. లాభంలో భాగం ఇవ్వకుండా ఉండగలిగారు అంటే ఆ మహిళలకు వేరే చోట్లు లేవనే అర్థం. మీరు ఇలాంటి శిక్షణ పెడితే, చివర గ్రేడు పెంపు ఉంటుందని ముందే రాసిపెట్టండి.

రెండోది, జీతాల పెంపు ఆశించినంత రాని సమయంలో లాటరీలో వచ్చిన కొందరిని పేరు లేకుండా అభిప్రాయం అడిగారు: పని పరిస్థితులు, సూపర్‌వైజర్, మొత్తంగా సంతృప్తి. అడగడం అంతే, జీతం మారలేదు. అలా అడిగినవాళ్లలో మానేయడం, గైర్హాజరు రెండూ తగ్గాయి, ఎక్కువ నిరాశపడ్డవాళ్లలో మరీ. దీన్ని చూసి అడిగితే చాలు, ఇవ్వక్కర్లేదు అనుకునేరు. అది ఒక్కసారికి పనిచేస్తుంది. రెండోసారి కాగితం ఖాళీగా వస్తుంది. అడిగిన పదిహేను రోజుల్లో జవాబు గోడ మీద ఉండాలి: ఇది చేశాం, ఇది ఫలానా తేదీకి చేస్తాం, ఇది చేయలేం, కారణం ఇది. పది మంది కంటే తక్కువ ఉన్న సెక్షన్ జవాబులు విడిగా బయటపెట్టకండి, ఎవరు రాశారో తెలిసిపోతుంది. లైంగిక వేధింపు గురించి ఏదైనా వస్తే అది సర్వే ఫైల్లో ఉండకూడదు. 2013 చట్టం కింద అంతర్గత కమిటీ ఉంటుంది, ఆమెకు ఆ దారి చూపించి తోడుగా నిలవాలి.

హాజరు యంత్రాల గురించి చాలామంది అడుగుతారు. యంత్రం హాజరు రాస్తుంది, క్రమశిక్షణ మాత్రం యాజమాన్యం తేవాల్సిందే. ఉదయ్‌పూర్ జిల్లాలో సేవా మందిర్ అనే సంస్థ, బెనర్జీ, డఫ్లో, గ్లెన్నర్‌స్టర్‌లతో కలిసి ప్రభుత్వ నర్సులకు తేదీ, సమయం అచ్చు వేసే యంత్రాలు పెట్టింది. సగం రోజులకు మించి రాకపోతే జీతంలో కోత. మొదటి నెలల్లో హాజరు బాగా పెరిగింది. 16 నెలలకు మళ్లీ మొదటికే వచ్చింది. ఏం జరిగింది? పై అధికారులు "మినహాయింపు రోజులు" ఇవ్వడం పెంచుకుంటూ పోయారు. మీ ఫ్యాక్టరీలో "మాన్యువల్ పంచ్" (చేత్తో ఎక్కించిన హాజరు), "ఓడీ" (కంపెనీ పని మీద బయటికి వెళ్లినట్టు రాసే హాజరు) ఎంట్రీలు నెలనెలా ఎన్ని పెరుగుతున్నాయో చూడండి. అదే జబ్బు.

ప్రోత్సాహకాల గురించి మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక పెద్ద ప్రయోగం జరిగింది. కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005లో మొదలుపెట్టారు. వంద బడుల్లో టీచర్‌కు విడిగా, వంద బడుల్లో అందరికీ కలిపి బోనస్, వంద బడులు పోలిక కోసం. పిల్లల మార్కులు సగటున 5 శాతం దాటి పెరిగితే ఆపై ప్రతి శాతానికి 500 రూపాయలు. ఇచ్చిన సగటు బోనస్ ఏడాది జీతంలో 3 శాతం దగ్గర. మార్కులు స్పష్టంగా పెరిగాయి, బోనస్ లేని సబ్జెక్టుల్లో కూడా. రెండో ఏడాదికి విడి బోనస్ ఉమ్మడి దాన్ని మించింది. నియమం సరళంగా ఉంది, ఎవరి లెక్క వాళ్లు వేసుకోగలిగారు, డబ్బు చెప్పిన ప్రకారం అందింది. మీ ఇన్సెంటివ్ స్కీం ఒక హెల్పర్ తన వేళ్ల మీద లెక్కపెట్టుకోగలడా అని చూసుకోండి. ఒడిశాలో బ్రెజా, కౌర్, శ్యామ్‌దాసానీ చేసింది దీనికి రెండో వైపు: ఒకే పని చేసే ముగ్గురికి వేర్వేరు కూలి ఇస్తే, ఎవరెంత చేశారో కళ్లకు కనిపించని పనుల్లో హాజరు 18 శాతం పాయింట్లు పడిపోయింది. ఎవరు ఎక్కువ చేస్తున్నారో అందరికీ కనిపించే పనుల్లో ఆ నష్టం లేదు. అంటే ఉత్పత్తి బోర్డు మీద పేరుపేరునా కనపడే చోటే కూలిలో తేడా పెట్టండి. "మేనేజర్ అభిప్రాయం" మీద తేడాలు పెట్టకండి.

ఇవన్నీ పెట్టాక నిలుస్తాయా? ముంబై దగ్గరి నేత మిల్లుల్లో నిక్ బ్లూమ్ బృందం 2008లో 38 నిర్వహణ పద్ధతులు పెట్టించింది. ఏడాదిలో ఉత్పాదకత 17 శాతం పెరిగింది. దాదాపు తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే, కొత్తగా పెట్టినవాటిలో సుమారు సగం వదిలేశారు. మిగతావి నిలిచాయి, పోలిక మిల్లులతో తేడా ఇంకా ఉంది. వదిలేయడానికి కారణాల్లో ముఖ్యమైంది ప్లాంట్ మేనేజర్ మారిపోవడం. పద్ధతి ఆయన బుర్రలో ఉంది, ఆయనతోనే వెళ్లిపోయింది. అందుకని జట్టు పట్టిక, మొదటి జీతం కాగితం, మానేసినవాళ్లకు ఫోన్ ఎవరు, ఏ తేదీన చేయాలో ఒక పేజీ రాసి, ఇద్దరు మనుషులకు నేర్పించండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(ప్రశ్న: మాది 60 మంది యూనిట్. హెచ్ఆర్ విభాగమే లేదు, అకౌంటెంట్ గారే చూస్తారు. ఇవన్నీ ఎలా?)

అన్నీ వద్దండీ. రెండు చేయండి. ఒక నోటు పుస్తకంలో చేరినవాళ్ల పేరు, చేరిన తేదీ, ఎవరు తెచ్చారు, చివరి హాజరు, ఈ నాలుగు గడులు గీయండి. నెలకు ఐదారుగురు చేరతారేమో, కాబట్టి నెలవారీ కాకుండా మూడు నెలలకోసారి చూడండి. రెండోది మొదటి జీతం కాగితం. అకౌంటెంట్ గారికి అంకెలు ఎలాగూ తెలుసు, రాసివ్వడానికి ఐదు నిమిషాలు. 60 మంది దగ్గర యజమానికి అందరూ పేరుపేరునా తెలుస్తారు, అది మీ బలం. కొత్త మనిషిని 7వ రోజు, 30వ రోజు యజమానే పిలిచి పది నిమిషాలు మాట్లాడితే సర్వే అక్కర్లేదు.

(ప్రశ్న: ఎండాకాలం ఏం చేసినా హాజరు పడిపోతుంది. అది కూడా మన లోపమేనా?)

కొంతవరకు. ఈ. సోమనాథన్ తదితరులు మన దేశపు ఫ్యాక్టరీల మీద చూపించారు: ఏడాది సగటు వేడి ఒక డిగ్రీ పెరిగితే ఫ్యాక్టరీ ఉత్పత్తి రెండు శాతం దాకా తగ్గుతుంది, వేడి రోజుల్లో గైర్హాజరు పెరుగుతుంది. బెంగళూరు ఫ్యాక్టరీల్లో పాత ట్యూబులు తీసి ఎల్ఈడీ దీపాలు పెడితే నేల మీద వేడి రెండు డిగ్రీలకు పైగా తగ్గి, ఎండ రోజుల్లో ఉత్పత్తి మెరుగైంది. ఏప్రిల్ రాకముందే థర్మామీటరు ఒకటి కొని మధ్యాహ్నం 2 గంటలకు ఒక్కో లైన్ దగ్గర అంకె రాయండి. ఐరన్ టేబుళ్లు, బాయిలర్ పక్కన ఉన్న లైన్లే ముందుగా ఖాళీ అవుతుంటాయి. కొత్తవాళ్లను అక్కడ వేయకండి, ఉదయం షిఫ్టును గంట ముందుకు జరపండి, నీళ్లు లైన్ దగ్గరికే రావాలి. మే నెలలో చేరినవాళ్ల వరుసను పట్టికలో విడిగా గుర్తుపెట్టండి, లేకపోతే ఎండ చేసిన నష్టాన్ని సూపర్‌వైజర్ ఖాతాలో వేస్తారు.